ఆ రోజు ఆ సవారు ఎక్కడున్నాడు: సైనికుల సర్వీసు రికార్డులూ చారిత్రక నవలా

ఒక సామాన్య సైనికుణ్ణి కథానాయకుడిగా చేసుకుని చారిత్రక నవల రాయదలచిన రచయిత ముందుగా తేల్చుకోవలసిన సంగతి, ఫలానా తేదీన ఆ మనిషి ఏ పటాలంలో, ఏ ఊళ్లో, ఏ పని మీద ఉన్నాడన్నది. అతని మనసులో ఏముందో ఊహించే హక్కు నవలాకారుడికి ఎప్పుడూ ఉంటుంది కాని, అతని గుర్రం ఏ రోజున ఏ వాగు దాటిందో ఊహించే హక్కు, ఆ సంగతి ఎక్కడో ఒక కాగితం మీద నమోదై ఉన్నంతకాలం, ఉండదు. ఈ ఉపన్యాసం అటువంటి కాగితాల గురించినది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈజిప్టుకూ పాలస్తీనాకూ వెళ్లిన హైదరాబాద్ సంస్థానపు ఆశ్వికులనూ, వాళ్లకు ఎదురుగా ఒట్టోమన్ తుర్కుల పక్షాన నిలిచిన ఆస్ట్రియా-హంగరీ ఫిరంగి సిపాయిలనూ ఒకే నవలలోకి తీసుకురావాలనుకునే తెలుగు రచయితకు ఏయే ఆధారాలు దొరుకుతాయో, అవి ఎంతవరకు నమ్మదగినవో, దొరకనిచోట కల్పనకు ఎంత చోటుందో పరిశీలించడం ఇక్కడి ఉద్దేశం.

ఈ ప్రస్తావనకు హైదరాబాద్ విమానాశ్రయం ఉన్న శంషాబాద్ తగిన చోటే. ఈ ఊరి పేరు వెనుక ఉన్నది షంసుల్ ఉమ్రా అన్న బిరుదు. ఆ బిరుదు వహించిన పైగా ప్రభువులు నిజాం తర్వాత నిజాం అంతటివారుగా చెల్లుబాటైన జాగీర్దారులు. నిజాం స్వంత రక్షణకు ఇంత అశ్వదళాన్ని పోషించాలన్న షరతు మీద ఇచ్చిన జాగీరును పైగా జాగీరు అంటారు కాబట్టి, ఈ చుట్టుపట్ల రైతు కట్టిన శిస్తు ఏదో ఒక దారిన గుర్రపు దాణాగానూ సవారు జీతంగానూ మారేదని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. విమానాశ్రయం నుంచి పాతబస్తీ వైపు వెళ్లే దారిలో చాంద్రాయణగుట్ట దగ్గర ఉన్న బార్కాస్ నిజాం కొలువులోని హద్రమీ అరబ్బు సిపాయిల బారకాసు. వాళ్ల వంశస్థులు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. నగరం నడిబొడ్డున ఏ.సీ. గార్డ్స్ అని అందరూ పిలిచే పేట పూర్తి పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. 2008లో ఇక్కడ విమానాలు దిగడం మొదలయ్యాక శంషాబాద్ అంటే రన్‌వే మాత్రమే గుర్తుకు వస్తున్నది గాని, అంతకు చాలా ముందు, పైగా ప్రభువుల కాలంలో, ఈ నేల సంబంధం గుర్రపు లాయాలతోనే.

తెలుగులో చారిత్రక నవలకు కొరత లేదు. నోరి నరసింహశాస్త్రి, విశ్వనాథ సత్యనారాయణ, అడివి బాపిరాజు వంటివారు రాజులనూ మంత్రులనూ కవులనూ నవలల్లో నిలిపారు, తెన్నేటి సూరి ‘చెంఘిజ్ ఖాన్’లో మంగోలుల గడ్డిమైదానాల దాకా వెళ్లారు, వట్టికోట ఆళ్వారుస్వామి, దాశరథి రంగాచార్య నిజాం కాలపు పల్లెను లోపలినుంచి చూపించారు. అయితే నెల జీతానికి లెక్క చెప్పుకోవలసిన సిపాయి, సముద్రం దాటి పరాయివాళ్ల యుద్ధంలో పోరాడి తిరిగివచ్చిన సవారు, ఈ నవలల్లో దాదాపు కనిపించడు. ఇందుకు సాహిత్య కారణాలు ఎన్ని ఉన్నా, ఆధారాలు ఎక్కడ వెదకాలో తెలియకపోవడం వాటిలో చిన్నదేమీ కాదు. ఆస్ట్రియా వైపు పరిస్థితి వేరు. యోజెఫ్ రోట్ 1932లో వెలువరించిన ‘రాడెట్‌స్కీ మార్చ్’, స్వయంగా 91వ పదాతి పటాలంలో పనిచేసి 1915లో రష్యన్లకు పట్టుబడిన యరోస్లావ్ హాషెక్ సృష్టించిన ష్వేయ్క్ పాత్ర, అక్కడి సామాన్య సైనికుణ్ణి ప్రపంచానికంతటికీ పరిచయం చేశాయి.

పరిశోధనలో మొదటి చిక్కు, ఆ మనిషి ఏ సైన్యంలో ఉన్నాడన్నది. హైదరాబాద్ విషయంలో ఈ ప్రశ్నకు మూడు జవాబులున్నాయి. నిజాం స్వంత సైన్యం ఒకటి. బ్రిటిష్ ప్రభుత్వం 1889 నుంచి సంస్థానాలలో ఏర్పాటు చేయించిన ఇంపీరియల్ సర్వీస్ దళాలు రెండోవి. వీటి ఖర్చు సంస్థానానిది, అధికారులు భారతీయులు, శిక్షణపై కన్నేసి ఉంచే సలహాదారులు మాత్రం ఇంగ్లీషువారు. మూడోది హైదరాబాద్ కంటింజెంట్: దీని అధికారులు ఇంగ్లీషువారే, దీని ఖర్చు కోసమే 1853 ఒడంబడికలో బేరారు ఆదాయం నిజాం చేయి దాటిపోయింది. 1903 సంస్కరణల్లో కంటింజెంట్ భారత సైన్యంలో కలిసిపోగా, దాని ఆశ్విక దళాల్లో ఒకటి 20వ దక్కన్ హార్స్ అయి, ఫ్రాన్సుకు వెళ్లి, 1916 జులై 14న సొమ్ యుద్ధంలో హై వుడ్ దగ్గర బల్లేలతో దాడి చేసింది. ఇదే కాలంలో మొదటి హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు ఈజిప్టులో సూయెజ్ కాలువ ఒడ్డున కాపలా ఉన్నారు. “మా తాత హైదరాబాద్ రిసాలాలో ఉండి జర్మనీ యుద్ధానికి పోయిండు” అన్న ఇంటి మాట ఈ రెంటిలో దేనికైనా సరిపోతుంది. ఒకటైతే కథ ఫ్రాన్సు బురదలో జరుగుతుంది, రెండోదైతే సినాయ్ ఇసుకలో.

రెండో ప్రపంచ యుద్ధానికి వచ్చేసరికి పేర్లు ఇంకా మోసం చేస్తాయి. మలయాలో జపాన్ సైన్యంతో పోరాడిన 19వ హైదరాబాద్ రెజిమెంటుకు పేరులో తప్ప హైదరాబాదుతో మిగిలిన సంబంధం చాలా స్వల్పం. పాత కంటింజెంట్ పదాతి దళాల వారసత్వంగా ఆ పేరు మిగిలింది గాని, అందులో ఎక్కువగా ఉన్నవారు కుమావోనీలు, అహీర్లు, జాట్లు, అందుకే 1945లో దాని పేరు కుమావోన్ రెజిమెంటుగా మారింది. అదే మలయాలో, 1941 డిసెంబరు 8న జపాన్ దండు దిగిన కోటా భారు విమానస్థావరం దగ్గర ఉన్న మొదటి హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ మాత్రం నిజంగా సంస్థానపు పటాలం. ఈ రెంటినీ కలిపేసి రాసిన వ్యాసాలకు లోటు లేదు. ఆంధ్ర ప్రాంతం నుంచి వెళ్లిన సిపాయి విషయంలో ఈ తికమక తక్కువ. పశ్చిమ గోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరంగా పేరుపడ్డ ఊరి యువకులు నేరుగా బ్రిటిష్ ఇండియా సైన్యంలో చేరినవారు కనుక వారి జాడ ఢిల్లీ, లండన్ రికార్డులలోనే ఉంటుంది.

ఆస్ట్రియా-హంగరీ కూడా ఇటువంటి మూడు పొరల రాజ్యమే. ఆస్ట్రియా, హంగరీ భాగాలు రెండింటికీ ఉమ్మడిగా చెందిన సైన్యం ఒకటి, ఆస్ట్రియా భాగానికి లాండ్‌వెర్ అనే రక్షక సైన్యం ఒకటి, హంగరీకి హోన్‌వేద్ ఒకటి ఉండేవి. మూడింటి కాగితాలూ ఒకేచోట లేవు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సుమారు 80 లక్షల మందిని సమీకరించిన ఆ సైన్యంలో పదకొండు భాషలవారు ఉండేవారు. ఉమ్మడి సైన్యంలో ‘ఆగు’, ‘నడువు’, ‘పేల్చు’ వంటి ఎనభై దాకా జర్మన్ ఆజ్ఞలు ప్రతి సిపాయికీ రావాలి, మిగిలిన వ్యవహారమంతా ఆ పటాలంలో ఎక్కువమంది మాట్లాడే భాషలో సాగాలి. తెలుగు పాఠకుడు ‘ఆస్ట్రియన్’ అన్న మాట వినగానే జర్మన్ మాట్లాడే వియన్నావాసిని ఊహించుకుంటాడు గాని, ఆ ఫిరంగి వెనుక నిలబడ్డవాడు చెక్ కావచ్చు, క్రొయేషియన్ కావచ్చు, హంగేరియన్ కావచ్చు. పాత్రకు పేరు పెట్టడానికి ముందే తేల్చుకోవలసిన విషయమిది.

ఇక కాగితాల సంగతి. వియన్నాలో 1711లో మొదలైన యుద్ధ పురాలేఖాగారం ఇప్పుడు ఆస్ట్రియా జాతీయ పురాలేఖాగారంలో భాగం. సామాన్య సైనికుడి విషయంలో అక్కడ అడగవలసినది గ్రుండ్‌బుఖ్‌బ్లాట్ అనే పత్రం: సైన్యంలో చేరిన ప్రతివాడికీ ఒక పెద్ద కాగితం తెరిచి, పుట్టిన సంవత్సరం, ఊరు, మతం, చేతివృత్తి, వచ్చిన భాషలు, ఎత్తు, జుట్టు రంగు, కళ్ల రంగు, ముఖం తీరు రాసి, ఆ కిందనే ఏ తేదీన ఏ పటాలానికి మారాడో, ఏ శిక్ష పడిందో, ఏ పతకం వచ్చిందో ఒకదాని కింద ఒకటి చేరుస్తూ పోయేవారు. అధికారులకైతే క్వాలిఫికాత్సియోన్స్‌లిస్టె అనే వేరే పత్రం, అందులో పైఅధికారి ఏటేటా రాసే స్వభావ వర్ణనతోపాటు భాషాజ్ఞానం, కుటుంబ స్థితి, ఆర్థిక స్థితి కూడా ఉంటాయి. నవలాకారుడికి ఇంతకంటే విందుభోజనం ఉండదు. చిక్కేమిటంటే, 1918లో సామ్రాజ్యం విచ్ఛిన్నమైనప్పుడు సామాన్య సైనికుల పత్రాలలో చాలా భాగం ఆయా మనుషుల స్వస్థలాలను బట్టి కొత్త దేశాలకు పంచి ఇచ్చారు. స్వస్థలమంటే పుట్టిన ఊరని అర్థం కాదు. ఏ ఊరి పంచాయతీ ఆ కుటుంబ బాధ్యత వహించాలో నిర్ణయించే హైమాట్‌రెఖ్ట్ అనే చట్టబద్ధ హక్కు ఉన్న ఊరని అర్థం. వియన్నాలోనే పుట్టి పెరిగినవాడి కాగితం, వాళ్ల తాత ఊరు బొహీమియాలో ఉన్నందువల్ల, ప్రాగ్‌లో ఉండవచ్చు. పత్రం దొరకకపోతే యుద్ధ మంత్రిత్వశాఖ 1914 నుంచి 1919 వరకు అచ్చువేసిన నష్టాల జాబితాలు, అంటే చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారి పేర్లు, పటాలం, పుట్టిన జిల్లా ఉన్న పుస్తకాలు, ఆసరా అవుతాయి.

ముఖం తీరు రాసిపెట్టుకునే ఈ అలవాటు వియన్నా సొత్తు అనుకోనవసరం లేదు. హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర పురాలేఖాగారంలో మొగలుల కాలపు పత్రాలు లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో ఔరంగజేబు దక్కన్ దండయాత్రల నాటి అర్జ్-ఓ-చెహ్రాలు అనేవి సైనిక హాజరు పత్రాలు. సవారు పేరు, తండ్రి పేరు, నివాసం, ఒంటి రంగు, నుదురు, కనుబొమలు, ముక్కు తీరు, ముఖం మీద గాయపు మచ్చో పుట్టుమచ్చో ఉంటే అది ఏ చెంప మీద ఉందో కూడా రాసి, తర్వాత గుర్రం రంగూ దాని మీద వేసిన దాగ్ ముద్రా నమోదు చేసేవారు. ముస్తాబు చేసిన మంచి గుర్రాన్ని హాజరులో చూపించి, మర్నాడు దాన్ని అమ్మేసి ఒక ముసలి తట్టును కట్టేసుకునే సర్దార్ల మోసానికి ఇది విరుగుడు. మూడు వందల ఏళ్ల క్రిందటి సవారు చెంప మీది మచ్చ తెలుస్తున్నది గాని, వంద ఏళ్ల క్రితం పాలస్తీనా వెళ్లిన సవారు ముఖం తెలియడం కష్టం. యుద్ధంలో పాల్గొన్న పంజాబీల జాబితాలు లాహోర్ మ్యూజియంలో దొరికి, 3 లక్షల 20 వేల మంది వివరాలు వెలుగులోకి వచ్చినట్టు దక్కన్‌కు ఏదీ రాలేదు.

చదవగలగడం మరో పరీక్ష. ఆస్ట్రియా పత్రాలు కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాతలో ఉంటాయి. అచ్చు జర్మన్ ధారాళంగా చదివే ఈనాటి వియన్నా యువకుడికి అది అంతుపట్టదు. నిజాం దఫ్తర్లలోని ఫార్సీ, ఉర్దూ కాగితాలు షికస్తా అనే విరిగిన వేగపు రాతలో ఉంటాయి. దాని ముందు ఉర్దూ పండితులు కూడా కళ్లద్దాలు సవరించుకోవలసిందే. తేదీలు ఇంకో తలనొప్పి. 1918 సెప్టెంబరు 23 అన్న ఒక్క రోజు బ్రిటిష్ కాగితంలో ఆ తేదీతోనే ఉంటుంది, ధార్మిక వ్యవహారాల కాగితంలో హిజ్రీ 1336 జిల్‌హజ్ నెలలో ఉంటుంది, హైదరాబాద్ ప్రభుత్వ జమాఖర్చులో ఫస్లీ 1327 చివరి నెలలో పడుతుంది, ఎందుకంటే సంస్థానపు ఫస్లీ సంవత్సరం అక్టోబరులో మారేది. జీతం బట్వాడా 1328లో నమోదైంది కాబట్టి సంఘటన మరుసటి ఏడాదిదని తేల్చేసినవారు లేకపోలేదు.

ఆ సెప్టెంబరు 23నే ఇక్కడ కొంచెం నిలిచి చూడాలి. బ్రిటిష్ జనరల్ అలెన్‌బీ సైన్యం సెప్టెంబరు 19న పాలస్తీనాలో తుర్కుల వ్యూహాన్ని ఛేదించాక, అయిదవ ఆశ్విక డివిజన్‌లోని 15వ ఇంపీరియల్ సర్వీస్ బ్రిగేడ్‌కు హైఫా రేవును పట్టుకునే పని అప్పగించారు. ఒకవైపు కిషోన్ నది చిత్తడి, మరోవైపు కార్మెల్ కొండ. కొండవాలున ఉన్న ఫిరంగులలో ఆస్ట్రియన్ల తేలికపాటి బాటరీ ఒకటి. మధ్యాహ్నం మైసూరు లాన్సర్ల స్క్వాడ్రన్ ఒకటి కొండ చుట్టూ తిరిగి వెళ్లి ఆ ఆస్ట్రియన్ ఫిరంగుల మీద పడగా, జోధ్‌పూర్ లాన్సర్లు ఎదురుగా ఊరి మీదికి దూసుకువెళ్లారు. వారి నాయకుడు మేజర్ దల్పత్ సింగ్ అక్కడే నేలకొరిగాడు. సాయంత్రానికి హైఫాలో 1,350 మంది ఖైదీలూ 17 ఫిరంగులూ చిక్కాయి. ఈ బ్రిగేడ్‌లో మూడో పటాలం హైదరాబాద్ లాన్సర్లది. ఢిల్లీలో లెనార్డ్ జెన్నింగ్స్ మలచిన మూడు కంచు విగ్రహాలు 1922 నుంచి ఈ మూడు సంస్థానాలకూ సమాన గౌరవం ఇస్తున్నాయి. 2018లో ఆ కూడలికి తీన్‌మూర్తి హైఫా చౌక్ అని పేరు మార్చడంతో హైదరాబాద్ సవార్లు కూడా హైఫా వీధుల్లో బల్లేలు పట్టి దూకారన్న నమ్మకం బలపడింది.

దూకలేదు. ఆనాడు హైదరాబాద్ లాన్సర్లకు పడిన పని, అంతకుముందు రోజుల్లో పట్టుబడిన ఖైదీలను వెనక్కు తరలించడం. హైదరాబాద్ అభిమానులకు ఈ సంగతి చిన్నతనంగా అనిపించవచ్చు గాని, నవలాకారుడి దృష్టితో చూస్తే దాడిలో పాల్గొనడంకంటే ఇదే ఎక్కువ విలువైన వరం. దాడి కొద్దిసేపటి పని, దానిలో మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ఖైదీల బారును నడిపించడం రోజుల తరబడి సాగే పని: ఎండ, ధూళి, బావి దగ్గర ఎవరు ముందు తాగాలన్న తగువు, నడవలేక కూలబడినవాణ్ణి ఎవరు లేపాలన్న సందిగ్ధం, కాపలాదారుకూ ఖైదీకీ సమానంగా ఉన్న ఆకలి. ఖలీఫాగా సున్నీ ముస్లింలు గౌరవించే ఒట్టోమన్ సుల్తాను సిపాయిలను, సున్నీ ముస్లిమే అయిన నిజాం సవారు, తన ప్రభువు 1914లోనే బ్రిటిష్‌వారి పక్షాన నిలవమని ప్రకటించినందువల్ల, గుర్రం మీద కూర్చుని తోలుకుపోవలసి వచ్చింది. ఆ బారులో తుర్కులూ అరబ్బులూ జర్మన్లూ ఉండే అవకాశం ఉన్నట్టే, 1916 నుంచే ఆ రంగంలో ఉన్న ఆస్ట్రియా-హంగరీ పర్వత ఫిరంగిదళాల వాడొకడు ఉండే అవకాశమూ ఉంది. హైదరాబాద్ సవారూ ఆస్ట్రియా సిపాయీ నోరు విప్పి ఒక మాట అనుకోగల చోటు ఆ యుద్ధం మొత్తంలో వెదికితే ఇటువంటిదే దొరుకుతుంది. అయితే ఆ బారులో ఫలానా పేరుగల ఆస్ట్రియన్ ఉన్నాడని నవలకు ముందుమాటలో చరిత్రగా చెప్పకూడదు. కథలో పాత్రగా మాత్రం నిస్సంకోచంగా నడిపించవచ్చు. ఇక్కడ కాగితం సమ్మతించినది అవకాశాన్ని, నవల సృష్టించేది మనిషిని.

ఆ కాగితాలలో ముఖ్యమైనది పటాలపు యుద్ధ దినచర్య. ప్రతి దళమూ రోజువారీగా సి.2118 అనే నంబరు ఫారం మీద చోటు, తేదీ, గంట, సంఘటనల సారాంశం రాసి పైకి పంపాలి. ఇవి బ్రిటన్ జాతీయ పురాలేఖాగారంలో ఉన్నాయి. వీటిని చదివే రచయిత ఒక సంగతి గమనించాలి: రాసింది అధికారి, రాయించింది సైన్యం, కాబట్టి గుర్రం చచ్చిపోతే తప్పకుండా నమోదవుతుంది, సవారుకు రాత్రి నిద్రపట్టకపోతే నమోదు కాదు. గుర్రం ఆస్తి. దక్కన్ హార్స్ వంటి సిల్లాదారీ పటాలాల్లోనైతే అది సవారు ఆస్తి కూడా. సిల్లాదారీ పద్ధతిలో సవారు చేరేటప్పుడే గుర్రానికీ సరంజామాకూ సొమ్ము కట్టి, జీతంలో కొంత ఆ నిధికి జమ చేసుకుంటూ, మానేసేటప్పుడు వెనక్కు తీసుకునేవాడు. కొలువులో చేరడం ఆ కుటుంబానికి పెట్టుబడి వ్యవహారమన్నమాట, భూమి తాకట్టుపెట్టి సవారును చేర్పించిన ఇల్లు గుర్రం పోయిందన్న కబురుకు ఎలా కదిలిపోయేదో ఊహించడానికి నవలాకారుడికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఫ్రాన్సులోని భారతీయ సిపాయిల ఉత్తరాలను సెన్సారు అధికారులు ఇంగ్లీషులోకి తీసిపెట్టిన సారాంశాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. పైఅధికారి చదువుతాడని తెలిసి రాసిన ఉత్తరాలవి, ఆ జాగ్రత్త వాటి ప్రతి వాక్యంలోనూ కనిపిస్తుంది.

సవారు వెంట వెళ్లినవారి మాటేమిటన్నది అందరూ దాటవేసే ప్రశ్న. గుర్రాన్ని మాలీసు చేసే సైసు, గడ్డి కోసుకొచ్చే ఘసియారా, తోలు పని చేసేవాడు, వంటవాడు, వీళ్లను సైన్యం అనుచరులు అన్న ఒకే మాటతో సరిపెట్టింది. బల్లెం పట్టడానికి పనికిరారని రిక్రూటింగ్ అధికారులు పక్కనపెట్టిన కులాలవారికి తెరిచి ఉంచిన తలుపు కూడా ఇదే. సూయెజ్ దగ్గర పోర్ట్ తౌఫీక్‌లో 1926లో నిలిపిన భారతీయ సైనిక స్మారకం తర్వాతి యుద్ధాల్లో ధ్వంసమై, 1980లో కైరో శివారు హీలియోపొలిస్‌లో మళ్లీ వెలిసింది. కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాల్లో ఈ అనుచరుల పేర్లు కూడా అక్కడక్కడా కనిపిస్తాయి గాని, చాలాచోట్ల తండ్రి పేరూ ఊరి పేరూ మించి మరేమీ ఉండదు.

దీనికి పక్కన పెట్టి చూడవలసిన రికార్డు ఒకటుంది. 1918లో నిజాం ఇచ్చిన సొమ్ముతో బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్.9ఏ బాంబర్లు సమకూరాయి. ఒక్కో విమానం మీద అది హైదరాబాద్ నిజాం కానుక అని రాసి వరస నంబరు వేశారు, ఆ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరే స్థిరపడింది. వాటిలో ఎఫ్1010 అనే విమానం 1918 అక్టోబరు 5న జర్మనీ మీద దాడికి వెళ్లి కూలగా, జర్మన్లు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అది పోలండుకు చేరింది. 1977లో బ్రిటన్ దాన్ని తిరిగి సంపాదించి రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో నిలిపింది. ఆ విమానం ఏ రోజు ఎగిరిందో, ఎవరు నడిపారో, ఎక్కడ దిగబడిందో, అరవై ఏళ్లపాటు ఏ గిడ్డంగిలో ఉందో చెప్పగలరు. దానికి డబ్బు కట్టిన తాలూకాల రైతుల్లోంచి, గడ్డి కోయడానికి వెళ్లిన కూలీల్లోంచి ఒక్కరి జీవితం గురించి అంత వివరంగా చెప్పలేరు. విమానాశ్రయం పక్కన ఉన్న ఊళ్లో ఈ తేడా ఒకసారి గుర్తుచేసుకోవడం న్యాయం.

రెండో ప్రపంచ యుద్ధపు ఆస్ట్రియన్ సైనికుణ్ణి వెదికే దారి పూర్తిగా వేరు. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో కలిపేసుకున్నాక ఆస్ట్రియన్లు జర్మన్ సైన్యంలో భాగమయ్యారు. 12 లక్షల మందికి పైగా అందులో పనిచేశారు. అందువల్ల వారి కాగితాలు చాలామటుకు బెర్లిన్‌లో ఉన్నాయి: 1939లో మొదలైన సైనిక సమాచార కార్యాలయం దగ్గర మెడలో వేసుకునే గుర్తింపు బిళ్లల జాబితాలు, ఏ దళం నుంచి ఏ దళానికి ఏ తేదీన మారాడో చెప్పే పట్టికలు పోగుపడి, 2019 నుంచి జర్మనీ జాతీయ పురాలేఖాగారంలో చేరాయి. ఇక్కడా నంబర్లు దగా చేస్తాయి. ఆస్ట్రియన్లతో నిండిన 44వ డివిజన్ 1943 జనవరిలో స్టాలిన్‌గ్రాడ్‌లో తుడిచిపెట్టుకుపోయింది. అదే నంబరుతో కొత్త మనుషులతో మళ్లీ కూర్చిన డివిజన్ 1944లో ఇటలీలోని కాసినో దగ్గర ఉంది. ఆ ఫిబ్రవరిలో అదే కొండల మీదికి దాడికి వెళ్లిన నాలుగవ ఇండియన్ డివిజన్‌లో మద్రాస్ సాపర్లు ఉన్నారు. తమిళులతోపాటు తెలుగువారిని చేర్చుకునే దళమది. హైఫా తర్వాత తెలుగు నవలకూ ఆస్ట్రియా సైనికుడికీ సహజంగా కలిసే రెండో కూడలి కాసినో, దాన్ని ఇంకా ఏ తెలుగు నవలాకారుడూ ముట్టుకున్నట్టు లేదు.

అయితే ఆ రెండో యుద్ధపు కాగితం కేవలం చోటూ తేదీ చెప్పి ఊరుకోదు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా 1972 నుంచి 1981 వరకు పనిచేసిన కుర్ట్ వాల్డ్‌హైమ్, రష్యాలో గాయపడ్డాక తాను ఇంటికి తిరిగివచ్చి న్యాయశాస్త్రం చదువుకున్నట్టే తన జీవితకథను చెప్పుకుంటూ వచ్చారు. 1986లో ఆస్ట్రియా అధ్యక్ష పదవికి పోటీచేస్తున్న వేళ, పత్రికలవారు ఆయన సర్వీసు కార్డు బయటికి తీశారు. 1942 నుంచి ఆయన బాల్కన్ ప్రాంతంలో, గ్రామాలను తగలబెట్టి పౌరులను చంపిన సైన్యపు ప్రధాన కార్యాలయంలో అధికారిగా ఉన్న సంగతి వెలుగులోకి వచ్చింది. 1988లో చరిత్రకారుల సంఘం ఆయన చేతులతో నేరం చేసినట్టు ఆధారం లేదంటూనే, జరుగుతున్నవి ఆయనకు తెలుసునని తేల్చింది. ప్రజలు ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారన్నది వేరే విషయం. తమ తాతల గురించి ఇళ్లలో చెప్పుకునే కథలో రెండు మూడేళ్లు ఎప్పుడూ ఖాళీగా ఎందుకుంటాయని ఆ దేశపు యువతరం ఆ తర్వాతే గట్టిగా అడగడం మొదలుపెట్టింది.

హైదరాబాద్ కుటుంబాల కథల్లోనూ ఇటువంటి ఖాళీ ఒకటుంది, అది 1946 నుంచి 1948 వరకు. పాలస్తీనా రంగంలో హైదరాబాద్ లాన్సర్లతో పనిచేసిన యువ అధికారి సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్, ముప్పై ఏళ్ల తర్వాత నిజాం సైన్యాధిపతిగా 1948 సెప్టెంబరు 18న భారత సైన్యపు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు లొంగిపోయాడు. ఆయన జ్ఞాపకాల గ్రంథం ఆయన మరణానంతరం వెలువడింది. సేనాపతి దృష్టికోణం అందులో దొరుకుతుంది గాని, సేనాపతి లొంగిపోయినప్పుడు ఆయన కింద ఉన్న జమాదారు తన యూనిఫారం ఏ బావిలో పారవేశాడో దొరకదు. నిజాం సైన్యం రద్దయ్యాక కొందరు భారత సైన్యంలో చేరారు, కొందరు పాకిస్తాన్ వెళ్లారు, ఎక్కువమంది ఊళ్లకు చేరి పాత కొలువు సంగతి మాట్లాడకుండా బతికారు. రజాకార్ల దాడుల్లో ఇళ్లు పోగొట్టుకున్నవారి పక్కింట్లోనే, పోలీసు చర్య తర్వాత జరిగిన హత్యాకాండలో మనుషులను పోగొట్టుకున్నవారు నివసించిన ఊళ్లలో, డిశ్చార్జి సర్టిఫికెట్టును గోడకు పటం కట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది? చాలా ఇళ్లలో ఆ కాగితాలను తగలబెట్టారు. మిగిలినవి ఇనప్పెట్టెల అడుగున ఉన్నాయి.

ఈ స్థితిలో శంషాబాద్ పరిసరాల నుంచి నవల రాయదలచిన రచయిత దూరదేశపు పురాలేఖాగారాలకు దరఖాస్తు పంపేముందు చేయగల పనులు దగ్గరలోనే ఉన్నాయి. బార్కాస్‌లోనూ ఏ.సీ. గార్డ్స్‌లోనూ మిగిలిన ఇంటి పెద్దల దగ్గర వజీఫా కాగితం, అంటే సంస్థానం ఇచ్చిన పింఛను పత్రం, ఉన్నదేమో అడగాలి. దానిమీద పటాలం పేరూ ఫస్లీ సంవత్సరమూ ఉంటే, సగం దారి తెగినట్టే. ఆ రెండు వివరాలతో తార్నాకకు వెళ్లి నిజాం ప్రభుత్వ దస్త్రాల జాబితాలో ఫస్లీ 1324 నుంచి 1328 దాకా ఆ పటాలానికి సంబంధించినవి ఏమున్నాయో చూడాలి. షికస్తా చదవగల మనిషిని వెంటబెట్టుకుని వెళ్లడం మంచిది. అక్కడ దొరికిన తేదీలను లండన్‌లోని యుద్ధ దినచర్యతో సరిచూసుకున్నాక, ఖైదీల బారులో ఆస్ట్రియన్లు ఉన్నారన్న ఆచూకీ తగిలితే, అప్పుడు వియన్నాకు ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరంలో పేరుకంటే ముందు పటాలం నంబరూ పుట్టిన ఊరూ రాయాలి, లేకపోతే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.